చెక్ ఇంజిన్ లైట్ ఆరు నెలలుగా వదలడం లేదు (2011 పెట్రోల్ బండి, కర్నూలు)

హంద్రీ ఒడ్డు | కర్నూలు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది 2011 నవంబరులో కొన్న పెట్రోల్ బండి. 1.2 లీటర్ ఇంజిన్, బీఎస్ 4 (పొగ కాలుష్య ప్రమాణం), ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నారు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇన్నేళ్లు ఏ ఇబ్బందీ పెట్టని బండి, తప్పు తయారు చేసినవాళ్లదని నాకు అనిపించడం లేదు.

ఆరు నెలల కింద ఓర్వకల్లు నుంచి వస్తుంటే మీటరులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. అప్పటి నుంచి జరిగింది ఇది.

మొదటి షెడ్డులో బ్యాటరీ టెర్మినల్ తీసి పది నిమిషాలు ఆగి బిగించారు. లైట్ పోయింది. మూడో రోజు మళ్లీ వచ్చింది. రెండో షెడ్డులో స్కానర్ పెట్టి చూసి ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నారు. కొత్తది వేయించాను, రూ.3,400. పదకొండు రోజులు లైట్ రాలేదు, పన్నెండో రోజు వచ్చేసింది. అక్కడే ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, త్రాటిల్ బాడీ కడిగారు. మొత్తం తొమ్మిది వేలు దాటింది. మొన్న మూడో చోట చూపిస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) అయిపోయిందన్నారు. కొత్తది వేస్తే ఇరవై ఎనిమిది వేలు అవుతుందట. లేదంటే దాన్ని కోసేసి ఖాళీ పైపు పెడతాం, రెండు వేలలో అయిపోతుంది అన్నారు.

ఊళ్లో తిరిగితే లీటరుకు పదహారు ఇచ్చే బండి ఇప్పుడు పదమూడు ఇస్తోంది. పికప్‌లో పెద్ద తేడా లేదు. వచ్చే నవంబరుకు బండికి 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యూవల్ చేయించాలి. నాన్నకు ఆ లైట్ అంటే ఎంత టెన్షన్ అంటే, ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూడరు, మీటరే చూస్తుంటారు. నంద్యాల చెక్‌పోస్టు దాటితే చాలు, వెనక్కి తిప్పేద్దాం అంటారు. ఆయనకు 74 ఏళ్లు. శ్రీశైలం వెళ్లాలని సంవత్సరం నుంచి అడుగుతున్నారు, ఈ లైట్‌తో అంత దూరం అడవి దారిలో తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు.

ఇరవై ఎనిమిది వేలు పెట్టమంటారా?

డోన్ డీజిల్ | డోన్ | ఆదివారం రాత్రి 9:58

పెట్టొద్దు అన్నా, ఆగు. కోసేయడం అయితే అసలే వద్దు. రెన్యూవల్‌కు ఫిట్‌నెస్ టెస్ట్ ఉంటుంది, పొల్యూషన్ చూస్తారు. బీఎస్ 4 పెట్రోల్ బండికి ఐడ్లింగ్‌లో (బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం లోపలే ఉండాలి. కన్వర్టర్ లేకుండా ఆ అంకె రావడం చాలా కష్టం.

గుత్తి కోట | గుత్తి | ఆదివారం రాత్రి 10:15

పెట్రోల్ ట్యాంక్ మూత సరిగ్గా బిగుసుకుంటోందా చూశారా? వీడియోల్లో అందరూ మొదట అదే చెబుతున్నారు.

స్పానర్ 12 | ప్రొద్దుటూరు | ఆదివారం రాత్రి 10:47

మూత సంగతి అమెరికా బండ్లది. అక్కడ ట్యాంకు నుంచి ఆవిరి లీకైనా కంప్యూటర్ పట్టుకుంటుంది. మన దగ్గర ఆ కాలం బండ్లలో చాలా వాటికి ఆ ఏర్పాటే లేదు. మూత తీసి పక్కన పెట్టినా లైట్ రాదు.

హంద్రీ తమ్ముడూ, ముందు నాకు మూడు విషయాలు చెప్పు. స్కానర్‌లో వచ్చిన కోడ్ నంబరు ఎంత? లైట్ నిలకడగా వెలుగుతోందా, మిణుకుమిణుకు అంటోందా? తీసేసిన పాత ప్లగ్గులు ఏ రంగులో ఉన్నాయి? 28 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. కోడ్ నంబరు చెప్పకుండా సామాను పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | సోమవారం ఉదయం 7:05

అన్నా, రెండో షెడ్డు బిల్లు వెనక పెన్సిల్‌తో "పి0171" అని రాసి ఉంది. మూడో చోట నంబరు చెప్పలేదు. లైట్ నిలకడగానే వెలుగుతోంది. పాత ప్లగ్గులు డిక్కీలోనే ఉన్నాయి, ఇప్పుడే తీసి చూశాను. నాలుగూ నల్లగా, పొడి మసి పట్టి ఉన్నాయి. సైలెన్సర్ చివర వేలు పెట్టి తిప్పితే వేలంతా మసే.

స్పానర్ 12 | ప్రొద్దుటూరు | సోమవారం మధ్యాహ్నం 2:20

మంచి పని చేశావు, ఆ ప్లగ్గులు పారేయకు.

పి0171 అంటే ఏమిటో ముందు అర్థం చేసుకో. ఇంజిన్‌లోకి వెళ్లే గాలికీ పెట్రోలుకూ ఒక లెక్క ఉంది. మామూలు పెట్రోల్ అయితే ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సెన్సార్ చూసి కంప్యూటర్‌కు చెబుతుంది. ఎక్కువ మిగిలితే పెట్రోల్ చాలలేదని కంప్యూటర్ ఇంకొంచెం పోస్తుంది. తక్కువైతే తగ్గిస్తుంది. ఈ దిద్దుబాటును ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్, గుర్తు పెట్టుకునేది లాంగ్ టర్మ్. రెండూ కలిపి పది శాతం లోపల ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. పోస్తూ పోస్తూ ఇరవై అయిదు దరిదాపులకు వచ్చినా ఇంకా చాలడం లేదనిపిస్తే చాలా బండ్లు పి0171 వేసి లైట్ వెలిగిస్తాయి.

అంటే కోడ్ చెప్పేది "పొగలో గాలి ఎక్కువ కనబడుతోంది" అని మాత్రమే. సెన్సార్ పోయిందని కాదు. కన్వర్టర్ పోతే వచ్చేది పి0420, అది వేరే కోడ్. నీ దగ్గర ఆ నంబరు లేనప్పుడు ఇరవై ఎనిమిది వేల మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కావడం లేదు.

సెన్సార్ మార్చాక పదకొండు రోజులు లైట్ ఎందుకు రాలేదంటావా? వాళ్లు స్కానర్‌తో కోడ్ చెరిపేశారు. చెరిపితే కంప్యూటర్ నేర్చుకున్న ట్రిమ్ కూడా సున్నాకు వస్తుంది, మళ్లీ మొదటి నుంచి పోసుకుంటూ రావాలి. పైగా ఇలాంటి తప్పు రెండు ప్రయాణాల్లో వరసగా కనబడితేనే లైట్ వేస్తుంది. బ్యాటరీ తీసినా అంతే. బాగు కాలేదు, మరిచిపోయింది. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు, లోడు ఎంతో దాచిపెట్టే ఫ్రీజ్ ఫ్రేమ్ అనేది కూడా ఆ చెరపడంతోనే పోతుంది. అదొక పెద్ద నష్టం.

బండి కంప్యూటర్‌లోని కోడ్లు చదివే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఆన్‌లైన్‌లో వెయ్యి లోపు దొరుకుతుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చి ఫోనులో చూసుకోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి ఒకసారి, హైవే మీద అరవైలో పోతూ ఒకసారి రెండు ట్రిమ్‌లూ రాసుకో. బండి నడిపేవాడు ఫోను చూడకూడదు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టు.

వేరుశనగ చేను | అనంతపురం | సోమవారం సాయంత్రం 6:31

స్పానర్ అన్నా, నాది 2007 బండి. అడాప్టర్ కొన్నాను, ఎర్ర లైట్ వెలుగుతుంది గానీ ఫోనుకు కనెక్ట్ కాదు. రెండు రకాలు మార్చి చూశాను.

ల్యాబ్ కోటు | అనంతపురం | సోమవారం రాత్రి 8:12

నేను చెబుతాను. మన దేశంలో బీఎస్ 4 పెట్రోల్ కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ 1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ 2 తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు బండ్లలో సాకెట్ ఆకారం అదే ఉన్నా లోపల మాట్లాడే భాష కంపెనీ సొంతది కావచ్చు. అలాంటప్పుడు ఆ కంపెనీ బండ్లకు పనికొచ్చే స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి. మీ అడాప్టర్ తప్పు లేదు.

వేరుశనగ చేను | అనంతపురం | సోమవారం రాత్రి 8:40

ధన్యవాదాలు సార్. రేపు స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్తాను.

పెన్నా మలుపు | కడప | మంగళవారం ఉదయం 6:50

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, అర్జెంటు. నిన్న రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్‌లో చెక్ ఇంజిన్ లైట్ టపటపా కొట్టుకుంది. బండి ఒణికింది, లాగలేదు. ఫస్ట్ గేర్‌లో ఎలాగో ఘాట్ దాటించి ఇంటికి తెచ్చాను. ఇప్పుడు నిలకడగా వెలుగుతోంది. ఈరోజు ఆఫీసుకు తీసుకెళ్లొచ్చా?

స్పానర్ 12 | ప్రొద్దుటూరు | మంగళవారం ఉదయం 7:02

తీయొద్దు. నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డు దాకా పోవచ్చు, కొట్టుకుంటే మాత్రం పక్కకు తీసి ఆపాలి. ఏదో ఒక సిలిండర్ మండడం లేదు. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ అంటుకుంటుంది, లోపలి జల్లెడ కరిగిపోతుంది. అప్పుడు నిజంగానే ఇరవై ముప్పై వేలు.

మెకానిక్‌నే ఇంటికి పిలిపించు. కోడ్ పి0301 నుంచి పి0304 లోపల ఏదో ఒకటి ఉంటుంది, చివరి అంకె సిలిండర్ నంబరు. ప్రతి సిలిండరుకూ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే విడి కాయిల్ ఉన్న బండి అయితే ఆ కాయిల్ తీసి పక్క సిలిండరులో పెట్టమను. కోడ్ కూడా పక్కకు జరిగితే కాయిలే పోయింది. జరగకపోతే ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్.

పెన్నా మలుపు | కడప | మంగళవారం రాత్రి 9:15

అన్నా, పి0302 వచ్చింది. మీరు చెప్పినట్టే కాయిల్ మూడో దానికి మారిస్తే పి0303 అయింది. ఒక్క కాయిల్ మార్చాం, ఇప్పుడు బండి మెత్తగా ఉంది. మీ మాట చూడకపోయి ఉంటే పొద్దున తీసుకెళ్లేవాణ్ణే.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | గురువారం రాత్రి 9:30

అడాప్టర్ వచ్చింది. మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద వెల్దుర్తి వైపు పోయి వచ్చాను. రీడింగులు:

వేడి ఐడ్లింగ్, 750 ఆర్‌పీఎం: షార్ట్ +8, లాంగ్ +18
2,500 ఆర్‌పీఎం, నిలబెట్టి: షార్ట్ +2, లాంగ్ +7
అరవై స్పీడులో: షార్ట్ +1, లాంగ్ +7

కోడ్ పి0171 ఒక్కటే ఉంది. పి0420 లేదు. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో స్పీడు 0, ఇంజిన్ వేడి 91 డిగ్రీలు అని ఉంది. నిలబడి ఉన్నప్పుడే కోడ్ పడిందన్నమాట.

గుత్తి కోట | గుత్తి | గురువారం రాత్రి 9:52

ఐడ్లింగ్‌లో 26, రేస్ ఇస్తే 9. ఇది పక్కా గాలి లీక్. ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే దారి) దగ్గర రబ్బరు గొట్టం ఏదో పగిలి ఉంటుంది. ఐడ్లింగ్‌లో లోపలికి వచ్చే గాలి తక్కువ కాబట్టి లీక్ పెద్దదిగా కనబడుతుంది, రేస్ ఇస్తే దాని వాటా తగ్గిపోతుంది. కార్బ్ క్లీనర్ స్ప్రే తెచ్చి గొట్టాల మీద కొట్టండి, ఎక్కడ కొట్టినప్పుడు ఇంజిన్ శబ్దం మారితే అక్కడే లీక్.

ల్యాబ్ కోటు | అనంతపురం | గురువారం రాత్రి 11:05

గుత్తి కోట గారి లెక్క సరైనదే, కానీ నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది భద్రత. ఆ స్ప్రే పెట్రోల్ లాగే అంటుకుంటుంది. వేడెక్కిన ఎగ్జాస్ట్ మీద పడితే మంట లేస్తుంది. దయచేసి ఇంట్లో ఆ ప్రయోగం చేయకండి.

రెండోది అసలు విషయం. ఈ తరగతి చిన్న పెట్రోల్ బండ్లలో చాలా వాటికి లోపలికి వచ్చే గాలిని నేరుగా తూచే ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉండదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో) ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సార్ ఉంటుంది, దాన్ని బట్టి గాలిని లెక్కగడతారు. హంద్రీ గారూ, మీ యాప్‌లో మ్యాప్ అని రీడింగ్ వస్తోందా చూడండి. వస్తే, ఇన్‌టేక్ లీక్ గాలి కూడా ఆ ఒత్తిడిలో కలిసే లెక్కలోకి వస్తుంది. దానికి తగ్గ పెట్రోల్ కంప్యూటర్ ముందే పోస్తుంది. కాబట్టి ట్రిమ్ ఇంతగా పెరగదు, ఐడ్లింగ్ ఆర్‌పీఎం పెరగాలి. మీది 750 దగ్గర స్థిరంగా ఉంది.

ఇంకోటి. పెట్రోల్ నిజంగా చాలకపోతే ప్లగ్గులు తెల్లగా పాలిపోయి ఉండాలి. మీవి మసి పట్టి నల్లగా ఉన్నాయి, మైలేజీ పడిపోయింది. అంటే ఇంజిన్‌లో పెట్రోల్ ఎక్కువే పడుతోంది. సెన్సార్ మాత్రం గాలి ఎక్కువ ఉందంటోంది. సెన్సార్ కొత్తది, నాలుగు నెలలది. మరి దానికి కనబడే గాలి ఎక్కడిది? ఇంజిన్‌కూ సెన్సార్‌కూ మధ్యలో, ఎగ్జాస్ట్ వైపు నుంచి వస్తూ ఉండాలి.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | గురువారం రాత్రి 11:20

మ్యాప్ ఉంది సార్, ఐడ్లింగ్‌లో 33 కేపీఏ చూపిస్తోంది. ఎయిర్ ఫ్లో అనే వరస ఖాళీగా ఉంది. కానీ ఎగ్జాస్ట్ లీకైతే పొగ బయటికి పోవాలి కదా, గాలి లోపలికి ఎలా వస్తుంది?

ల్యాబ్ కోటు | అనంతపురం | శుక్రవారం ఉదయం 6:40

మంచి ప్రశ్న. పొగ నీటి ధారలాగా ఏకధాటిగా రాదు. ఒక్కో వాల్వు తెరుచుకున్నప్పుడల్లా ఒక్కో దెబ్బలాగా వస్తుంది. ఆ దెబ్బ వెళ్లిన వెంటనే వెనక ఒక క్షణం ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గుతుంది. సందు ఉంటే ఆ క్షణంలో బయటి గాలిని పీల్చుకుంటుంది. ఐడ్లింగ్‌లో దెబ్బలు దూరం దూరంగా ఉంటాయి, పొగ కూడా తక్కువ, అందుకే పీల్చిన గాలి ఎక్కువగా కనబడుతుంది. స్పీడు పెరిగితే పొగ పెరిగి ఆ వాటా చిన్నదవుతుంది. మీ 26, 9 అంకెలకు ఇది కూడా అంతే చక్కగా సరిపోతుంది, ప్లగ్గుల మసికి ఇదొక్కటే సరిపోతుంది.

ఎర్ర నేల | ఆదోని | శుక్రవారం ఉదయం 8:15

ఇంత లెక్క అక్కర్లేదు, ఇదంతా ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పుణ్యం. ఆరు నెలల నుంచే లైట్ అంటున్నారు కదా. పాత బండ్లన్నిటికీ ఇదే గతి.

ల్యాబ్ కోటు | అనంతపురం | శుక్రవారం మధ్యాహ్నం 1:30

దాని వాటా ఉంది, కానీ లెక్క వేసి చూద్దాం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, అందుకని అది కాలడానికి గాలి తక్కువ చాలు. పది శాతం ఇథనాల్ ఉంటే కిలోకు దాదాపు 14.1 కిలోల గాలి, ఇరవై శాతం ఉంటే దాదాపు 13.5. ఈ10 నుంచి ఈ20కి మారితే కంప్యూటర్ సుమారు నాలుగు శాతం ఎక్కువ పోయాలి, అంతే. ఇరవై ఆరు రాదు. పైగా పెట్రోల్ వల్లే అయితే ఐడ్లింగ్‌లోనూ అరవైలోనూ ఒకేలా పెరగాలి.

అయితే హంద్రీ గారి బండిలో లీక్ ముందు నుంచే చిన్నగా ఉండి ట్రిమ్ ఇరవై రెండు దగ్గర ఉండి ఉంటే, ఈ నాలుగు కలిసి గీత దాటించి ఉండొచ్చు. లైట్ అప్పుడే ఎందుకు వచ్చిందో దీనితో అర్థమవుతుంది. లీక్‌ను మాత్రం వెతకాల్సిందే. పాత బండ్ల గురించి మీ ఆందోళనను నేను కాదనడం లేదు ఎర్ర నేల గారూ, రబ్బరు పైపులు, సీళ్లు పాతవైతే ఈ20కి తట్టుకునేవి వేయించుకోవాలి.

స్పానర్ 12 | ప్రొద్దుటూరు | శుక్రవారం మధ్యాహ్నం 3:10

ల్యాబ్ సార్ చెప్పినదే నా మనసులోనూ ఉంది. తమ్ముడూ, పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఏమైనా శబ్దం వస్తుందా? టిక్ టిక్ టిక్ అని, రేస్ ఇస్తే వేగం పెరుగుతూ, బండి వేడెక్కాక మాయమయ్యే శబ్దం?

హంద్రీ ఒడ్డు | కర్నూలు | శుక్రవారం రాత్రి 8:55

అన్నా, ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను.

పొద్దున బండి తీసేటప్పుడు కుట్టు మిషను శబ్దం వస్తోందిరా అని నాన్న ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. లైట్ రాకముందు నుంచే. మా అమ్మ ముప్పై ఏళ్లు మిషను కుట్టింది, ఆ శబ్దం ఆయనకు బాగా తెలుసు. నేను తలుపు వేసుకుని ఏసీ పెట్టుకుని పోతాను, నాకు వినబడదు. ఆయన గేటు తీయడానికి బయట నిలబడతారు, ఆయనకు వినబడుతుంది. వయసు మీద పడింది, ఏదో అంటున్నారులే అని వదిలేశాను. ఒక్క షెడ్డులో కూడా ఈ మాట చెప్పలేదు. షెడ్డుకు పోయేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది, వాళ్లకూ వినబడి ఉండదు.

ఇప్పుడే ఆయనకు చెప్పాను. రేపు పొద్దున చూద్దాం అన్నారు.

స్పానర్ 12 | ప్రొద్దుటూరు | శుక్రవారం రాత్రి 9:20

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. శబ్దం పట్టే చెవి స్కానర్ కన్నా ముందు చెబుతుంది.

రేపు రాత్రంతా ఆగిన చల్లటి ఇంజిన్ మీద చెయ్యి. స్టార్ట్ చేయకుండానే. ఇంట్లో గాలి ఊదే వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని గొట్టం సైలెన్సర్‌లో పెట్టి చుట్టూ పాత బట్ట కుక్కు. పొగను బయటికి తెచ్చే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ఇంజిన్‌కు అతుక్కునే చోట, అక్కడి నుంచి ఆక్సిజన్ సెన్సార్ దాకా ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు కొట్టు. బుడగలు ఎక్కడ వస్తే అక్కడ సందు. రెండు ఎగ్జాస్ట్ వాల్వులు తెరిచి ఉంటే కొంత గాలి ఇంజిన్‌లోకి పోతుంది, అది పట్టించుకోకు. మ్యానిఫోల్డ్ మీద రేకు కవరు ఉంటుంది, దాన్ని ముందే విప్పు. తుప్పు పట్టిన బోల్టులకు ఆయిల్ కొట్టి అరగంట ఆగు, బలవంతం చేయకు.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | శనివారం ఉదయం 8:25

దొరికింది!

ఆరున్నరకు మొదలుపెట్టాం. మా దగ్గర ఊదే క్లీనర్ లేదు, పక్కింటివాళ్లది అడిగి తెచ్చాను. నాన్న స్టూలు వేసుకుని కూర్చుని స్ప్రే బాటిల్ పట్టుకున్నారు. రేకు కవరు తీయగానే నాలుగో సిలిండర్ దగ్గర మ్యానిఫోల్డ్ అంచు మీద బొగ్గుతో గీసినట్టు నల్లటి చార. సబ్బు నీళ్లు కొడితే అక్కడే నురుగు లేచింది, కింది బోల్టు చుట్టూ. ఆ బోల్టును వేలితో తాకితే నట్టు కదిలింది. లోపల స్టడ్ (నట్టు బిగించే మరచుట్ల కడ్డీ) విరిగిపోయి నట్టు ఊరికే వేలాడుతోంది.

నాన్న ఏమీ అనలేదు. టార్చ్ అడిగి వంగి చాలాసేపు చూశారు. తర్వాత అమ్మను పిలిచి చూపించారు.

డోన్ డీజిల్ | డోన్ | శనివారం ఉదయం 8:41

చాలా సంతోషం అన్నా. పొద్దున్నే మంచి వార్త.

గుత్తి కోట | గుత్తి | శనివారం ఉదయం 9:10

నేను ఇన్‌టేక్ అని గట్టిగా అన్నాను, పొరపాటు నాదే. మ్యాప్ సెన్సార్ లెక్క నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. నా బండికీ ట్రిమ్ చూసుకుంటాను.

స్పానర్ 12 | ప్రొద్దుటూరు | శనివారం ఉదయం 10:30

స్టడ్ విరిగిందంటే చేయించేటప్పుడు జాగ్రత్త. గ్యాస్కెట్ (అతుకు మధ్య సందు లేకుండా పెట్టే పలక) మార్చి మిగతా బోల్టులు బిగించి పంపేస్తారు కొందరు, నెలకు మళ్లీ అదే కథ. విరిగిన ముక్క హెడ్‌లో నుంచి తీయాలి. బయటికి కాస్త ముక్క ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పితే వచ్చేస్తుంది, ఆ వేడికి తుప్పు కూడా వదులుతుంది. లోపలే విరిగితే సరిగ్గా మధ్యలో డ్రిల్ చేయాలి, అది చెయ్యి తిరిగినవాడి పని. మ్యానిఫోల్డ్ తీశాక స్కేలు పెట్టి చూడమను. వంకర ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ (అంచు చదును) చేయించండి, లేకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు. అన్ని స్టడ్లూ నట్లూ కొత్తవి వేయించు.

వేరుశనగ చేను | అనంతపురం | శనివారం సాయంత్రం 5:45

నాది కూడా తేలింది. స్కానర్‌లో సెన్సార్ హీటర్ సర్క్యూట్ అని వచ్చింది. సెన్సార్ మార్చాలన్నారు. ఈ చర్చ చదివి ఉన్నాను కాబట్టి ముందు వైరు చూడమన్నాను. ఎలుక కొరికేసింది. మా ఇంటి పక్కనే కాయలు ఆరబోసే కళ్లం, కోతల కాలంలో ఎలుకలు బానెట్ కిందకు చేరతాయి. వైరు అతికి టేపు చుట్టి స్లీవ్ వేశారు, రూ.250. లైట్ లేదు.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | తర్వాతి బుధవారం రాత్రి 9:00

పని అయింది. బళ్ళారి చౌరస్తా వైపు ఒక పాత మెకానిక్ దగ్గర చేయించాను. ఫోనులో మీ మాటలు చదివి వినిపిస్తే శ్రద్ధగా విన్నారు. నట్టు వెల్డింగ్ చేసి ముక్క బయటికి తీయడానికి గంటన్నర పట్టింది, మూడోసారికి వచ్చింది. స్కేలు పెడితే మ్యానిఫోల్డ్ చివర సందు కనబడింది, లేత్‌కు పంపించారు. గ్యాస్కెట్ 380, స్టడ్లూ నట్లూ 420, లేత్ 500, కూలి 1,200. మొత్తం రూ.2,500.

కోడ్ చెరిపాం. ఈసారి చెరపడానికి కారణం ఉంది. ఇవాళ్టి రీడింగులు, 140 కిలోమీటర్లు నడిపాక:

వేడి ఐడ్లింగ్: షార్ట్ 0, లాంగ్ +5
2,500 ఆర్‌పీఎం: షార్ట్ +1, లాంగ్ +4
అరవై స్పీడు: షార్ట్ 0, లాంగ్ +4

మూడు చోట్లా దాదాపు ఒకటే.

ల్యాబ్ కోటు | అనంతపురం | బుధవారం రాత్రి 9:35

చాలా అందమైన అంకెలు. మిగిలిన ఆ నాలుగైదులో ఎక్కువ భాగం ఈ20దే అయి ఉంటుంది, దానికి కంగారు పడకండి. ఇన్నాళ్లూ పెట్రోల్ ఎక్కువ పడింది కాబట్టి ఇంజిన్ ఆయిల్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే గడువు రాకపోయినా మార్చేయండి.

రెన్యూవల్ రోడ్డు | నంద్యాల | గురువారం ఉదయం 11:20

హంద్రీ గారూ, మా బండికి కిందటేడు చేయించాను కాబట్టి చెబుతున్నాను. 15 ఏళ్ల తర్వాత కారు రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. అయిదేళ్లకు ఇస్తారు. గడువు ముగిసేదాకా ఆగకండి, ఒకటి రెండు నెలల ముందే స్లాట్ బుక్ చేసుకోండి. టైర్లు, హెడ్‌లైట్ల అద్దాలు, హ్యాండ్‌బ్రేక్ చూసుకుని వెళ్లండి. నాకు మసకబారిన హెడ్‌లైట్ల వల్లే రెండోసారి తిరగాల్సి వచ్చింది.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | మూడు వారాల తర్వాత, సోమవారం రాత్రి 8:10

శ్రీశైలం వెళ్లి వచ్చాం. నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా, దోర్నాల నుంచి ఘాట్ ఎక్కి. రానుపోను మూడు వందల అరవై పైచిలుకు. లైట్ రాలేదు. అడవిలో ఒకచోట బండి ఆపితే నాన్న బానెట్ మీద చెయ్యి పెట్టి, ఇంజిన్ ఆపొద్దు, ఒక్క నిమిషం విననీ అన్నారు. విన్నారు. పోదాం పద అన్నారు. ఆత్మకూరు దాటాక నిద్రపోయారు. ఆ సీట్లో ఆయన నిద్రపోవడం ఆరు నెలల్లో నేను చూడలేదు. ఈ ప్రయాణం మొత్తానికి లీటరుకు పదిహేడున్నర వచ్చింది.

స్పానర్ అన్నా, ల్యాబ్ కోటు సార్, ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పాత ఆక్సిజన్ సెన్సార్ బాగానే ఉన్నట్టు కదా, దాన్ని ఏం చేయమంటారు?

స్పానర్ 12 | ప్రొద్దుటూరు | సోమవారం రాత్రి 9:05

కవర్లో చుట్టి డిక్కీలో పెట్టు. కంపెనీతో వచ్చిన సెన్సార్ అది, ఎప్పుడైనా పనికొస్తుంది. దాని మీద ఏ స్ప్రే కొట్టకు, కింద పడేయకు.

కొత్త గ్యాస్కెట్ వేడికి అణిగి కుదురుకుంటుంది, ఆ నట్లు మళ్లీ ఒకసారి బిగించారా? అయిదు వందల కిలోమీటర్లు దాటింది కదా. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, మధ్య నుంచి చివరలకు.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | మంగళవారం ఉదయం 7:15

ఇప్పుడే చేశాం అన్నా. నాలుగో సిలిండర్ దగ్గరి రెండూ పావు చుట్టు తిరిగాయి. మిగతావి కదల్లేదు. టార్చ్ నాన్న పట్టుకున్నారు.